ఆటజట్ల జమాఖర్చులు

ఆటలయందు మన విద్యార్థులకు గల ఆసక్తి దినదినాభివృద్ధి నొందుచున్నది. ఏ జట్టునందు ఎవరాడుచున్నారో, ఎవరెన్ని పరుగులు తీసిరో, ఏ ఆటగాని నెన్ని కోట్లకు కొనిరో వారు తడుముకొనక చెప్పగలరు. అయితే ఆ కోట్లు ఎచ్చటనుండి వచ్చుచున్నవి, జట్టును నడుపువారికి సంవత్సరాంతమున మిగులునదేమి, నిన్న కప్పు గెలిచిన జట్టు నేడు పేరుకూడ లేక మాయమగుటకు కారణమేమి అని విచారించువారు మాత్రము అరుదు.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. బిడ్డను క్రీడాశిక్షణకు పంపవలెనా, చదువునందే నిలుపవలెనా యని ఆలోచించు తలిదండ్రులు మన మడకశిర ప్రాంతమున కలరు. జట్టొకటి మూతపడినప్పుడు నెల జీతము రాక చిక్కుబడువాడు ఆటగాడు. వానినే నమ్ముకొన్న యిల్లు వాని వెనుక నుండును. కావున జీతపుజట్ల ఆదాయవ్యయములు ఎట్టివో, అవి యేల నిలుచునో, యేల కూలునో మన తెలుగుదేశపు జట్ల చరిత్రనుండియే యీ వ్యాసమున వివరింప దలచితిమి.

జీతపుజట్టు అనగా నేమి

మన పాఠశాలజట్టు ఆనందముకొఱకు ఆడును. బంతి, వల, హిందూపురమునకు పోయివచ్చుటకు బస్సుచార్జీ, మధ్యాహ్న భోజనము, ఇవియే దాని ఖర్చులు. జీతపుజట్టునకు ఆటయే వృత్తి. దాని ఖర్చులు అయిదు విధములు. మొదటిది, ఆయా పోటీలలో ఒక నగరముపేర జట్టును నడుపుటకు చెల్లించు హక్కురుసుము. రెండవది, ఆటగాండ్ర జీతములు. మూడవది, శిక్షకులు, వైద్యులు, ఇతర సిబ్బందియొక్క వేతనములు. నాలుగవది, ప్రయాణములు, బసలు. అయిదవది, మైదానపు అద్దెయు, దాని పోషణమును.

ఆదాయమును అయిదు విధములే. మైదానమునకు వచ్చువారు కొను టిక్కెట్లు, ఆటను టెలివిజనులో చూపుటకై కంపెనీలు చెల్లించు ప్రసారహక్కుల సొమ్ము, చొక్కాలమీదను మైదానమునందును వేయు వ్యాపారప్రకటనలు, గెలిచినప్పుడు వచ్చు బహుమతి, జట్టు గుర్తుగల చొక్కాలు టోపీలు మొదలగువాని అమ్మకము.

ఈ రెండు జాబితాలకును ఒక ముఖ్యభేదము కలదు. ఖర్చులు ముందుగానే నిశ్చయమైనవి, ఆదాయము అనిశ్చితము. వేరుశనగ విత్తు మన రైతు స్థితియు నిట్టిదే. ముంగారు వానలు కురియకముందే అతడు విత్తనకాయలు సమకూర్చుకొనవలెను, దుక్కి దున్నింపవలెను, కూలి నీయవలెను. వాన వచ్చునో రాదో, కాయకు ధర యుండునో యుండదో పిమ్మట గాని తెలియదు. జట్టు యజమానుడును అట్లే ఆటలు మొదలు కాకమునుపే ఆటగాండ్రతో ఒప్పందములు వ్రాసికొనును. జట్టు ఓడిపోయినను జీతము తగ్గదు. జనులు రాకున్నను మైదానపు అద్దె తగ్గదు.

మఱియొక విశేషము. అంగడి పెట్టుకొన్న వర్తకుడు ఎదుటి అంగడి మూతపడిన తనకు బేరము పెరుగునని సంతోషించును. ఆటజట్టు అట్లు సంతోషింపజాలదు. ఎదుటి జట్టు లేనిచో ఆటయే లేదు. బలహీనులతో ఆడిన ఆటను చూచుటకు జనులు రారు. కావున పోటీయందలి జట్లన్నియు మైదానమున శత్రువులైనను లెక్కపుస్తకమునందు భాగస్వాములు. ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకొందురుగాక. ముందు చెప్పబోవు కథలకెల్ల ఇదియే తాళపుచెవి.

ఆదాయముతో పనిలేని జట్టు

తెలుగుదేశమున ప్రసిద్ధికెక్కిన పాతజట్లలో హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాలు జట్టు ముఖ్యమైనది. అది 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 సంవత్సరముల ఏషియా క్రీడలయందు స్వర్ణపతకములు పొందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచెను. ఉపాధ్యాయవృత్తియందున్న మాకు ఈ సంగతి ఎంతయు గర్వకారణము.

ఆ జట్టు ఆటగాండ్రకు టిక్కెట్ల సొమ్మునుండి జీతము రాలేదు. వారు పోలీసుశాఖ ఉద్యోగులు. శాఖ జీతమిచ్చెను, వారు శాఖ పేరును నిలిపిరి. రైల్వేలు, బ్యాంకులు మొదలగు సంస్థలును ఆ పద్ధతినే క్రీడాకారులకు ఉద్యోగములిచ్చి జట్లను పోషించెను. ఇట్టి జట్టునకు లాభనష్టముల లెక్క లేదు. గెలిచినను ఓడినను నెలజీతము వచ్చును. ఆట విడిచిన తరువాతను ఉద్యోగము మిగిలియుండును. అయితే అందు కోట్ల ఆర్జనమును లేదు. సంస్థ పెద్దల అభిరుచి మాఱినచో జట్టు క్షీణించుటయు కలదు.

దక్కన్ ఛార్జర్సు కథ

2008వ సంవత్సరము జనవరిలో భారత క్రికెట్టు బోర్డువారు ఇండియన్ ప్రీమియర్ లీగుకొఱకు ఎనిమిది నగరముల హక్కులను వేలము వేసిరి. హైదరాబాదు హక్కును దక్కన్ క్రానికల్ పత్రికా సంస్థవారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకొనిరి. ఆ సొమ్మును పదేండ్లలో చెల్లింపవలెను. అనగా ఏడాదికి సుమారు ఒక కోటి 7 లక్షల డాలర్లు. నాటి మారకపు ధర డాలరునకు రమారమి 40 రూపాయలు. కావున ఒక్క హక్కునకే సాలుకు 43 కోట్ల రూపాయలవఱకు ఖర్చు. జీతములు, ప్రయాణములు వేఱు.

ఆ జట్టు తొలి నాయకుడు వి. వి. ఎస్. లక్ష్మణ్. నాటి నియమములప్రకారము నగరమునకు ప్రతిష్ఠాత్మకమగు ఆటగానికి, జట్టునందు అత్యధికముగా పుచ్చుకొనువానికంటె నూటికి పదునైదు వంతులు ఎక్కువ ఈయవలెను. జీతములన్నిటికిని కలిపి నియమిత పరిమితి యుండెను గనుక, ఒకనికి ఎక్కువ యిచ్చినచో తక్కినవారికి తక్కువ మిగులును. లక్ష్మణ్ ఆ విశేషహోదాను తానుగా వదలుకొని, జట్టు మంచి ఆటగాండ్రను కొనుటకు వీలు కల్పించెను. పరిమితమగు సొమ్ములో ఒకని త్యాగము పదిమందికి ఎట్లు ఉపకరించునో ఇందువలన తెలియుచున్నది.

మొదటి సంవత్సరము ఆ జట్టు పదునాలుగు ఆటలలో రెండే గెలిచి కట్టకడపట నిలిచెను. మఱుసటి యేడు దేశమున సార్వత్రిక యెన్నికలు జరుగుచుండుటచేత పోటీలను దక్షిణాఫ్రికాకు తరలించిరి. అచ్చట ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వమున, 2009 మే 24వ తేదీన జొహానెస్‌బర్గు నగరమున బెంగుళూరు జట్టును ఆఱు పరుగులతో ఓడించి దక్కన్ ఛార్జర్సు కప్పు గెలిచెను. 2010లో రాష్ట్రమునందలి ఆందోళనల కారణమున సొంత ఆటలను నాగపురము, కటకము, ముంబయి ప్రాంతములకు మార్చవలసి వచ్చెను. అనగా కప్పు గెలిచిన సంవత్సరమునను, దాని మఱుసటి సంవత్సరమునను ఆ జట్టు సొంత జనుల యెదుట ఆడలేదు. పేరు హైదరాబాదుది, చప్పట్లు పరదేశులవి.

అయినను ఆ జట్టు కూలుటకు ఆటయందలి నష్టము ముఖ్యకారణము కాదు. యజమానులగు సంస్థవారు ఇతర వ్యవహారములయందు వేల కోట్ల రూపాయల ఋణభారమున చిక్కుకొనిరి. 2012లో ఆటగాండ్ర సొమ్ము సకాలమున అందలేదను ఫిర్యాదులు బయలుదేరెను. సెప్టెంబరులో జట్టును అమ్మజూపగా పి. వి. పి. సంస్థవారు 900 కోట్ల రూపాయలకు అడిగిరి. యజమానులు అంగీకరింపలేదు. వెంటనే బోర్డువారు ఒప్పందమును రద్దుచేసిరి. న్యాయస్థానము 100 కోట్ల రూపాయలకు బ్యాంకు హామీ చూపుమని గడువీయగా ఆ హామీయు దొరకలేదు. అక్టోబరులో జట్టు ముగిసెను.

ఆ నెలలోనే హైదరాబాదు హక్కు మరల వేలమునకు వచ్చెను. సన్ టీవీ సంస్థవారు దానిని సాలుకు 85 కోట్ల 5 లక్షల రూపాయలకు పాడుకొని సన్‌రైజర్సు అను పేర జట్టును కట్టిరి. ఇచ్చట విద్యార్థులు ఒక్క నిమిషము నిలిచి ఆలోచింపవలెను. జట్టు నడవదని మూసివేయగా, అదే నగరపు హక్కునకు మఱియొకరు రమారమి రెట్టింపు ధర యేల పెట్టిరి? పొలము మంచిదే. అప్పులపాలైనవాడు ఆ పొలముగల ఆసామి. ఆసామికి ఋణబాధ కలిగినప్పుడు పంటపొలముకూడ చేయిజాఱును. జట్టు దివాలా, యజమానుని దివాలా వేఱువేఱు విషయములు. సన్‌రైజర్సు 2016లో బెంగుళూరును ఎనిమిది పరుగులతో ఓడించి కప్పు గెలిచెను.

పాత యజమానుల వ్యాజ్యము పెక్కేండ్లు సాగెను. 2020లో మధ్యవర్తి బోర్డువారు 4,800 కోట్ల రూపాయలకు పైగా చెల్లింపవలెనని తీర్పు చెప్పగా, 2021లో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసెను.

హక్కురుసుమును మితిమీఱి పాడుట మఱియొక ప్రమాదము. 2010లో కొచ్చి హక్కును 33 కోట్ల 33 లక్షల డాలర్లకు పాడిరి. ఇది హైదరాబాదు ధరకు మూడు రెట్లకు మించినది. బ్యాంకు హామీ చూపలేక ఆ జట్టు 2011లో ఒక్క సంవత్సరమాడి అంతరించెను. పూనా జట్టును 37 కోట్ల డాలర్లకు కొనిరి, అది 2013తో ముగిసెను. వేలమునందు పట్టుదలతో పాడినవాడు పాట గెలుచును, వడ్డీవద్ద ఓడును.

చెఱువునీటి పంపకము

సన్‌రైజర్సు వంటి జట్లు ఎట్లు నిలుచుచున్నవి? టిక్కెట్లవలన అని పలువురు తలంతురు. లెక్క వేసి చూతము. ఉదాహరణమునకు నలుబదివేలమంది మైదానమునకు వచ్చి, సగటున తలకు వేయిరూపాయలు చెల్లించిరనుకొందము. ఒక ఆటకు నాలుగు కోట్లు. సొంత నగరమున ఏడు ఆటలనుకొన్నచో ఇరువదియెనిమిది కోట్లు. కాని 2025లో ఒక్కొక్క జట్టు ఆటగాండ్రను కొనుటకు నియమించిన పరిమితియే 120 కోట్ల రూపాయలు. టిక్కెట్లు జీతములలో నాల్గవవంతుకూడ తీర్చవు.

అసలు ఊట ప్రసారహక్కులు. 2017లో అయిదేండ్ల హక్కులు 16,347 కోట్ల 50 లక్షల రూపాయలకు అమ్ముడుపోయెను. 2022 జూనులో, 2023 మొదలు 2027 వఱకు గల హక్కులు 48,390 కోట్లకు పోయెను. అనగా సాలుకు 9,678 కోట్లు. ఇందు సుమారు సగము పది జట్లకును పంచుదురని లెక్క వేసికొన్నచో, ఒక్కొక్కదానికి 480 కోట్లకు పైబడి వచ్చును. ఒక్క బంతి వేయకముందే జీతములు తీఱి పైన మిగులుచున్నవి.

ఈ పంపకమునందే రహస్యమున్నది. మన గ్రామములయందు చెఱువుక్రింది నీటిని నీరుగంటి పంచును. తూమువద్దనున్న రైతు తన యిష్టమువచ్చినట్లు నీరు మళ్లించుకొన్నచో కడపటి మడులు ఎండును. నీరుగంటి వంతులవారిగ పంచినచో ఆయకట్టంతయు పండును. ప్రసారహక్కుల సొమ్ము చెఱువువంటిది, లీగు నీరుగంటివంటిది. ముంబయివంటి మహానగరపు జట్టునకును, చిన్న నగరపు జట్టునకును ముఖ్యభాగము సమముగా అందును. జీతములకు పరిమితి నుంచుటయు ఇట్టి కట్టుబాటే. ధనికుడు మంచి ఆటగాండ్రనందఱిని కొనివేయకుండ అది ఆపును.

కప్పు నిలుపని జట్టు

చెఱువు నిండనిచో పంచుట కేమున్నది? ఇందుకు హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు చరిత్ర దృష్టాంతము. పూనా నగరపు జట్టు ఆర్థికక్లేశములచేత 2019లో మూతపడగా, దాని స్థానమున ఇండియన్ సూపర్ లీగునందు హైదరాబాదు క్లబ్బు చేరెను. గచ్చిబౌలియందలి బాలయోగి క్రీడాప్రాంగణము దాని సొంత మైదానము. మహమ్మారి కారణమున వరుసగా రెండు సంవత్సరములు పోటీలన్నియు గోవాయందే జరిగెను. టిక్కెట్ల రాబడి యిగిరిపోయెను. అట్టి దినములలోనే, 2022 మార్చి 20వ తేదీన ఫతోర్డా మైదానమున కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదువారు కప్పు గెలిచిరి. మఱుసటి సంవత్సరము పట్టికలో రెండవ స్థానము పొందిరి.

పిమ్మట జీతములు నిలిచెను. 2023–24 పోటీల నడుమ విదేశీయులగు ఆటగాండ్రు, ఇతరులును జట్టు విడిచిరి. క్రొత్తవారిని చేర్చుకొనుటకు వీలులేకుండ అంతర్జాతీయ సమాఖ్య నిషేధము విధించెను. కుఱ్ఱవాండ్రతోనే ఆడి ఆ జట్టు పట్టిక యడుగున నిలిచెను. 2024లో యాజమాన్యము జిందాల్ వర్గమువారి చేతికి మాఱెను. 2025లో జట్టును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని పేరు పెట్టిరి. కప్పు గెలిచిన నాలుగేండ్లలోపల హైదరాబాదు పేరు ఆ జట్టునుండి తుడిచిపెట్టబడెను.

దీనికి ఎదురుగా తెలుగు టైటన్సు కబడ్డీజట్టును చూడుడు. అది 2014లో ప్రో కబడ్డీ లీగు పుట్టినప్పటినుండి ఆడుచున్న జట్టు. 2025 పోటీలు ముగియువఱకు ఒక్కసారియైనను కప్పు గెలువలేదు. అయినను నిలిచెను. 2023లో పవన్ సెహ్రావత్ అను ఆటగానిని 2 కోట్ల 60 లక్షలకు పైగా వెచ్చించి కొనెను. కబడ్డీకి పెద్ద మైదానము వలదు, ఒక చాపయు పైకప్పును చాలును. మన వీథులయందు పుట్టిన ఆట గనుక చూచువారికి నియమములు నేర్పనక్కరలేదు. టెలివిజనువారికి సాయంకాలపు వేళ కది చక్కగ అమరినది.

బ్యాడ్మింటనునందు హైదరాబాదు హంటర్సు 2018 జనవరిలో గచ్చిబౌలియందే ప్రీమియర్ లీగు గెలిచెను. 2020 తరువాత ఆ లీగు జరుగలేదు. ఒంటరిగా గొప్పవారగు క్రీడాకారులు మన నగరమున ఎందఱున్నను, లీగు నడువనిచో జట్టుకు బ్రదుకు లేదు. గెలుపునకును మనుగడకును గల సంబంధము మనము తలంచినంత దగ్గఱిది కాదని ఈ మూడు జట్లవలన స్పష్టమగుచున్నది.

కెనడాయందలి రెండు జట్లు

ఈ న్యాయము మనదేశమునకే పరిమితము కాదు. అమెరికాఖండమున బేస్‌బాలు అను ఆట కలదు. కఱ్ఱతో బంతిని కొట్టి నాలుగు గుఱుతుల చుట్టును పరుగెత్తు ఈ ఆట మన క్రికెట్టునకు దూరపు బంధువు. అమెరికా పెద్దలీగునందు కెనడా నగరములకు రెండు జట్లు లభించెను. మాంట్రియల్ ఎక్స్‌పోస్ 1969లోను, టొరాంటో బ్లూ జేసు 1977లోను పుట్టెను.

మాంట్రియల్ జట్టునకు మొదట ఆదరము బాగుగ నుండెను. 1983లో 23 లక్షలకు మించిన ప్రేక్షకులు వచ్చిరి. 1994లో ఆ జట్టు 74 గెలుపులతో లీగునందెల్ల అగ్రస్థానమున నుండగా, జీతముల వివాదమున ఆటగాండ్రు సమ్మెకట్టిరి. పోటీలు మధ్యలోనే ఆగిపోయెను. రావలసిన పంట కోతకు ముందే నేలపాలయ్యెను. తరువాత ఖర్చు తగ్గింపదలచి మేటి ఆటగాండ్రను వదలుకొనిరి. మంచి ఆటగాండ్రు పోగా జనులు తగ్గిరి, జనులు తగ్గగా రాబడి తగ్గెను, రాబడి తగ్గగా మిగిలిన మంచివారును పోయిరి. దీనికి తోడు కెనడా జట్ల రాబడి కెనడా డాలర్లలో వచ్చును, జీతములు మాత్రము అమెరికా డాలర్లలో చెల్లింపవలెను. 2002 ప్రారంభమున కెనడా డాలరు విలువ అమెరికా సొమ్మున సుమారు 62 సెంట్లకు పడిపోయెను. అనగా వంద డాలర్ల జీతము చెల్లించుటకు తమ సొమ్ము నూట అఱువదికి పైగా కావలసి యుండెను. 2000లో ఆంగ్లభాషా ప్రసారములుకూడ లేకపోయెను. 2001లో సంవత్సరము మొత్తమునకు వచ్చిన ప్రేక్షకులు ఆఱున్నర లక్షలైనను లేరు.

2002లో లీగువారే 12 కోట్ల డాలర్లకు ఆ జట్టును కొనిరి. 2003, 2004 సంవత్సరములలో సొంత ఆటలు కొన్ని దూరమునగల ప్యూర్టోరికో ద్వీపమున ఆడించిరి. 2004 తరువాత జట్టును వాషింగ్టనునకు తరలించిరి. 2006లో దానిని 45 కోట్ల డాలర్లకు అమ్మిరి. హైదరాబాదు హక్కువలెనే ఇదియు, ఒకచోట నడువదనుకొన్నది మఱియొకచోట ఎన్నో రెట్ల ధర పలికెను.

టొరాంటో యేల నిలిచెను? డాలరు బాధ దానికిని కలదు. అయితే ఆ నగరము పెద్దది, సంపన్నమైనది. 1991లో ఒక్క సంవత్సరమున నలుబది లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చిరి. 1992, 1993లలో వరుసగా ప్రపంచకప్పు వంటి వరల్డ్ సిరీసును గెలిచెను. 2000లో రోజర్సు అను తంతి, టెలివిజను వ్యాపార సంస్థ దానిని కొనెను. సుమారు 57 కోట్ల కెనడా డాలర్ల వ్యయముతో, అధికభాగము ప్రజాధనముతో కట్టిన మైదానమును 2004లో ఆ సంస్థవారే 2 కోట్ల 50 లక్షలకు కొనిరి. జట్టు వారిదే, మైదానము వారిదే, చూపు టెలివిజనును వారిదే. దేశమంతటికి ఒకే జట్టగుటచే కెనడాయంతయు దాని ఆయకట్టు. ఈ లెక్కనందు నష్టపడినవారు మైదానమునకు పన్ను కట్టిన పౌరులు. ఆ మాటయు మఱువరాదు.

మనము గ్రహింపవలసినది

పై చరిత్రలవలన జట్టు నిలుచుటకు నాలుగు ఆధారములు కనబడుచున్నవి. మొదటిది, పోటీయంతటికిని చాలినంత ఉమ్మడిరాబడి, దాని న్యాయమైన పంపకము. రెండవది, రాబడిని మించని హక్కురుసుమును జీతములును. మూడవది, ఇతర అప్పులలో మునుగని యజమానుడు. నాలుగవది, తమదని భావించు ఊరిజనులు. కప్పు ఈ నాలుగింటికి అలంకారము, అయిదవ స్తంభము కాదు.

ఇక తలిదండ్రులకు ఒక లెక్క. ఇండియన్ ప్రీమియర్ లీగునందు పది జట్లు కలవు. ఒక్కొక్క జట్టునకు ఇరువదియైదుగురికి మించరాదు. అందు విదేశీయులు ఎనిమిదిమందివఱకు ఉండవచ్చును. ఆ ఎనిమిదింటిని తీసివేసినచో మన దేశస్థులకు మిగులునవి నూట డెబ్బది స్థానములు. నూట నలుబది కోట్లకు పైబడిన జనులలో నూట డెబ్బది! ఈ సంఖ్యను విని పిల్లల చేతినుండి బంతి లాగికొనుడని మేము చెప్పుట లేదు. ఆ యొక్క ద్వారమునే నమ్మి అప్పుచేసి శిక్షణరుసుములు కట్టి, పదవతరగతి పుస్తకములను అటకమీద పెట్టరాదని చెప్పుచున్నాము. నీరుపడునను ఆశతో బోరుమీద బోరు వేయించి పొలము పోగొట్టుకొన్నవారు మన పల్లెలలో ఎందఱు లేరు?

మంచి శిక్షణకు మార్గములు వేఱుగ కలవు. అనంతపురమున గ్రామీణాభివృద్ధి ట్రస్టువారు విన్సెంటు ఫెర్రర్ స్థాపించిన సేవాసంప్రదాయమున క్రీడాగ్రామమును నెలకొల్పి పల్లెపిల్లలకు ఆటలు నేర్పుచున్నారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు ఆ మైదానమున జరుగగా దేశప్రసిద్ధులగు క్రికెట్టు ఆటగాండ్రు మన కఱవుసీమకు వచ్చి ఆడిరి. పోలీసు, రైల్వే మొదలగు శాఖలలో క్రీడాకారులకు ఉద్యోగావకాశములు కలవు. వానికి ఆటతోపాటు చదువును కావలెను. జట్టునకు ఆటగాండ్రే కాక లెక్కలు వ్రాయువారు, గాయములకు చికిత్సచేయువారు, మైదానమును కాపాడువారు, ఆటను వర్ణించువారును కావలెను. ఈ వృత్తులు మోకాలు బెణికిన దినముతో ముగిసిపోవు.

విద్యార్థులారా, ఇకముందు వార్తాపత్రికయందు ఫలానా ఆటగానిని ఇన్ని కోట్లకు కొనిరని చదివినప్పుడు, ఆ సంఖ్యను చూచి నోరు తెఱచి నిలువక, నాలుగు ప్రశ్నలు వేయుడు. ఈ సొమ్ము ఏ చెఱువునుండి వచ్చుచున్నది? దానిని పంచువాడెవడు? వాన కురియని యేడు జీతములెవరిత్తురు? జట్టు పోయినచో ఈ ఆటగాడు రేపు ఏమిచేసి బ్రదుకును? ఈ ప్రశ్నలకు జవాబు వెదకువాడు ఆటను తక్కువగా ప్రేమించినవాడు కాడు. మన పాఠశాలజట్టును ఈ సంవత్సరమున ఎవరు నడిపింతురో వారు మొదట ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, ఎడమవైపున జమయు కుడివైపున ఖర్చును వ్రాయుట ఆరంభింతురుగాక. బంతి కొట్టుట నేర్చినట్లే ఇదియు అభ్యాసమువలన వచ్చును.